మూడో పేజీలో లేని పేరు

పోయిన వారం మీరు నన్ను పదిహేడో నంబరు బల్ల ముందు వరసలో నిలబెట్టి వెళ్ళిపోయారు. అప్పటినుంచీ నేనక్కడే నిలబడి ఉన్నాను. భుజాన సంచీ, సంచీలో తోమాసా, చంకలో పన్నెండు పేజీల ఫైలు. నా ముందు ఇంకా ఇద్దరున్నారు.

కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నా పేరు రుబియేలా. ఊరు మనిజాలెస్, వృత్తి బొమ్మలాట. నాకంటే పదమూడేళ్ళు చిన్నవాడైన వీల్మర్‌తో కలిసి తొమ్మిదేళ్ళుగా ఇద్దరు మనుషుల బృందం నడుపుతున్నాను. తోమాసా మా కథానాయిక, చేతికి తొడుక్కుని ఆడించే ముసలమ్మ బొమ్మ. ఆరేసిన దుప్పట్ల మీద బూడిద పోసిందని ఆవిడ మా ఊరి అగ్నిపర్వతం మీద కోర్టులో కేసు వేస్తుంది. అదీ కథ. ఆ ఆట తయారుచేయడానికి మూడేళ్ళు పట్టింది. ఈ ఏటి కళాసంతలో ఒక్క ఉత్సవం నుంచైనా పిలుపు రాకపోతే జనవరిలో వీల్మర్ పెరేరా అనే ఊరు వెళ్ళి అక్కడి బడిలో మాస్టారుగా చేరిపోతాడు. ఆ మాట నాతో చెప్పడానికి వారం రోజులు నసిగాడు, చెప్పాక నాకంటే ముందు తనే ఏడ్చాడు. ముసలమ్మనీ అగ్నిపర్వతాన్నీ నేనొక్కదాన్నే ఆడించలేను. వాడు వెళ్తే ఆట ఆగిపోయినట్టే.

మూడు రోజుల్లో ఏడుగురు నిర్వాహకుల ముందు కూర్చున్నాను. ఏడుగురూ నవ్వారు, ఏడుగురూ కార్డు పుచ్చుకున్నారు, ఏడుగురూ కబురు చేస్తామన్నారు. ఆ మాటకి అర్థం ఏమిటో ఈ వృత్తిలో ఉన్న పసిపిల్లలకి కూడా తెలుసు. మిగిలింది ఎనిమిదో ఆవిడ ఒక్కతే, మెక్సికోలోని హలాపా నుంచి వచ్చిన మిరెయా సొలోర్సానో.

కళాసంత అంటే చూడటానికి పెళ్ళిచూపుల హాలులా ఉంటుంది. బల్లలకి అటువైపు ఉత్సవాలు నడిపేవాళ్ళు, ఇటువైపు మేము. ఒక్కొక్కరికీ పది నిమిషాలు. పది నిమిషాలయ్యేసరికి ఒకావిడ బడిగంట మోగిస్తుంది, అందరం ఠక్కున లేచి పక్క బల్లకి జరుగుతాం. మూకాభినయం వాళ్ళు అందరికంటే ఎక్కువ మాట్లాడతారు. విదూషకులు దిగాలుగా ఉంటారు. నాట్యకత్తెలు మాత్రం ఎవరూ పిలవకపోయినా మెడ నిటారుగా పెట్టుకుని వెళ్ళిపోతారు, వాళ్ళని చూస్తే నాకు అసూయ. ఆడవాళ్ళ బాత్రూమ్‌లో అద్దం ముందు ఎప్పుడు చూసినా ఒకరు తమను తాము పరిచయం చేసుకుంటూ ఉంటారు. నా పేరు ఫలానా, మా ప్రదర్శన నిడివి యాభై నిమిషాలు, మా వెంట నలుగురు వస్తారు. పక్కన చేతులు కడుక్కునేవాళ్ళు విననట్టు నటిస్తారు. నటులే కదా.

ఈ పరిచయాల పని అంటే నాకు ఇరవయ్యేళ్ళుగా గిట్టదు. బొమ్మని బాగా ఆడిస్తే జనం వాళ్ళే వస్తారని నా నమ్మకం. చేతకానివాళ్ళు చేతులు కలుపుతూ తిరుగుతారని నలుగురిలో అనేదాన్ని కూడా. ఇప్పుడు నలభై ఆరేళ్ళొచ్చాక, ఏడుగురి ముందు ఏడుసార్లు పళ్ళికిలించాక, అడగందే అమ్మయినా పెట్టదన్న సంగతి తెలిసొచ్చింది. కానీ ఎలా అడగాలో ఇంకా తెలియలేదు.

అది తెలిసిన మనిషి అదే హాల్లో కాఫీ బల్ల దగ్గర ఉన్నారు. డాన్ ఆర్సేసియో. డాన్ అంటే మా దగ్గర 'గారు' లాంటిది. నాకు బొమ్మ పట్టుకోవడం నేర్పిన గురువు, డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ఆయనతో నేను మాట్లాడి పదకొండేళ్ళయింది. తాలీముకి రమ్మంటే రాకుండా ఎవరితోనో కాఫీ తాగుతూ కూర్చునేవారు. మా దగ్గరున్న ఒకే ఒక్క మంచి దీపాన్ని వేరే బృందానికి ఎరువిచ్చారు. ఆ సాయంత్రం మేము చీకట్లో ఆడి, జనం చేత తిట్లు తిన్నాం. నేను అందరి ముందూ ఆయన్ని పట్టుకుని, మీరు బొమ్మలాడించేవారు కాదు, చేతులు కలిపేవారు, అని అనేశాను. మర్నాడు తోమాసా తల సంచీలో పెట్టుకుని వచ్చేశాను. అప్పట్నుంచీ రోడ్డు మీద ఎదురుపడితే తలూపుకోవడమే.

సరే, నా వంతు వచ్చింది.

మిరెయాకి అరవై ఏళ్ళుంటాయి. నెరిసిన జడ, దారానికి వేలాడే కళ్ళద్దాలు. నేను కూర్చుని సంచీలోంచి తోమాసాని తీశాను. ఎక్కడ పెట్టాలో తోచలేదు. బొమ్మని నేలమీద పెట్టకూడదు, బోర్లా పడుకోబెట్టకూడదు, ఒట్టి బల్లమీద సామానులా పడేయకూడదు. మా వాళ్ళలో ఎంత తాగుబోతైనా ఈ మూడూ తప్పడు. మిరెయా పక్క బల్ల దగ్గరున్న ఖాళీ కుర్చీని లాగింది. ఒక్కొక్కరికి ఒక్క కుర్చీయేనని కార్యకర్త ఎవరో వచ్చి చెప్పబోతే, మరి ఈ పెద్దావిడని నిలబెట్టమంటారా అని అడిగింది. అతను నోరు మూసుకుని వెళ్ళాడు. ఆ క్షణంలోనే ఆవిడంటే నాకు ఇష్టం కలిగింది. ఇష్టం కలగడంతో భయం రెట్టింపయింది.

వీల్మర్ నాకు ఒక నిమిషం ఉపన్యాసం బట్టీ పట్టించాడు. రెండో వాక్యం దగ్గర అది గాలికి పోయింది. భయం వేస్తే కొందరు గోళ్ళు కొరుక్కుంటారు. నా చెయ్యి మాత్రం దానంతటదే తోమాసాలోకి దూరుతుంది. అది తప్పని నాకు తెలుసు. అధికారుల ముందు బొమ్మ చేత మాట్లాడిస్తే పెద్దవాళ్ళు చేసే పనిలా ఉండదని వీల్మర్ లక్షసార్లు చెప్పాడు. అయినా తోమాసా కుర్చీలోంచి లేచి, శాలువా సర్దుకుని, మిరెయా వైపు తిరిగింది.

"ఈవిడ మూడ్రోజుల్నించీ బాత్రూమ్ అద్దం ముందు బట్టీ పడుతోందండీ. పాపం, ఒక్క ముక్కా రాలేదు. మీరు నన్నడగండి, నేను చెప్తాను."

మిరెయా నవ్వింది. బొమ్మ మాట్లాడితే ఎవరైనా బొమ్మ వైపే చూస్తారు. ఆవిడా నన్ను వదిలేసి తోమాసాతోనే మాట్లాడటం మొదలుపెట్టింది. కేసు ఎందుకు వేశావని అడిగితే దుప్పట్ల గురించి చెప్పింది తోమాసా. న్యాయమూర్తి ఏమన్నాడని అడిగితే, ప్రతివాదికి సమన్లు అందించడానికి పైకెక్కే మనిషి దొరకడం లేదని వాయిదా వేశాడని చెప్పింది. ప్రతివాది ఎవరని పక్క బల్ల నిర్వాహకుడు కూడా మెడ తిప్పి అడిగాడు. నాలుగు నిమిషాలు అలా గడిచాయి. మూడు రోజుల్లో మొదటిసారి నాకు ఊపిరి ఆడింది.

అప్పుడు మిరెయా చెయ్యి చాచింది. తనూ ముప్ఫయ్యేళ్ళు బొమ్మలాడించానని, ఒకసారి తొడుక్కోవచ్చా అని అడిగింది. వృత్తిలో ఉన్నవాళ్ళు అడిగితే కాదనకూడదు. ఇచ్చాను. ఆవిడ తోమాసాలో చెయ్యి పెట్టి, చూపుడువేలు మెడ లోపలికి పోనిచ్చి, అలాగే ఆగిపోయింది. నవ్వు మొహం మీదే ఉంది గాని కళ్ళు మారాయి. ఎడంచేత్తో నా ఫైలు తెరిచి మూడో పేజీ తీసింది. అక్కడ నేను రాసిన వాక్యం ఇది: బొమ్మల తయారీ, రుబియేలా ఒస్పినా.

మా ఆటలో అయిదు బొమ్మలుంటాయి. వాటిలో నాలుగింటి తలలు నిజంగా నేను చేసినవే. తోమాసా బట్టలు కుట్టింది నేను, జుట్టు పెట్టింది నేను, రంగు మూడుసార్లు వేసింది నేను. తల ఒక్కటే నాది కాదు. ఒక్క తల కోసం పేజీలో ఇంకో పేరు ఎందుకని, అందులోనూ ఆ పేరు ఎందుకని, అనుకున్నాను. నా మనసు అప్పుడు అలా ఉంది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మిరెయా తోమాసాని తీసి నా చేతికి తిరిగి ఇచ్చింది. నేను తొడుక్కునేదాకా ఆగింది. తర్వాత నన్ను కాదు, దాన్ని అడిగింది.

"నిన్ను చెక్కిందెవరమ్మా?"

నేను అబద్ధం చెప్పగలను. ఫైల్లో చెప్పాను కూడా. కానీ తోమాసా ఈ మూడేళ్ళలో ఒక్క అబద్ధం ఆడలేదు. కోర్టులో తనకి నష్టమని తెలిసినా నిజమే చెప్పే ముసలిదిగా దాన్ని పెంచాను. ఆ చేత్తో అబద్ధం చెప్పిద్దామంటే మెడ లేవడం లేదు. బొమ్మలాడించని వాళ్ళకి ఈ మాట వింతగా ఉండవచ్చు, ఆడించేవాళ్ళెవరినైనా అడిగి చూడండి. చివరికి తోమాసా హాలు అవతలికి తిరిగింది.

"అదిగోనండీ, కాఫీ బల్ల దగ్గర అందరికీ కప్పులందిస్తున్నాడే, ఆ ముసలాయన. ఈవిడకి ఆయన పేరు ఎత్తాలంటే నామోషీ."

నాకు చెవులు భగ్గుమన్నాయి.

మిరెయా కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. మెడ లోపల చూపుడువేలికి గాడి తీసే అలవాటు డాన్ ఆర్సేసియో బొమ్మల్లో తప్ప ఎక్కడా చూడలేదని, తనింట్లో ఒకటి ఉందని, వేలు పెట్టగానే తెలిసిపోయిందని చెప్పింది. తర్వాత ఇంకో మాట చెప్పింది. ఆర్సేసియో ఏడాదికి రెండు ఉత్తరాలు రాస్తారట. ఎవరెవరు ఏం ఆడుతున్నారో, ఎవరికి ఎవరితో కలిస్తే మంచిదో అన్నీ రాస్తారట. తన ఆట గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదట. పదకొండేళ్ళుగా ప్రతి ఉత్తరం చివర ఒకే వాక్యం: మా ఊళ్ళో రుబియేలా అని ఉంది, ఆ అమ్మాయి చేతులు చూడండి.

"నేను రోజుకి పన్నెండుమందిని చూస్తాను. నాకోసం పేర్లిచ్చింది రెండొందల మంది. ఆ పన్నెండులో మీ పేరెలా వచ్చిందనుకున్నారు?" అంది.

నా ప్రతిభ చూసి వచ్చిందనుకున్నాను. ఆ మాట పైకి అనకుండా మింగేశాను.

ఇంకా రెండు నిమిషాలుండగా మిరెయా అసలు సంగతికి వచ్చింది. మార్చిలో తన ఉత్సవంలో ఒక్క చోటు ఉంది. ఈ ఆట తనకి కావాలి, మనుషులిద్దరూ కావాలి, ముసలమ్మ కావాలి. కానీ చేసినవాళ్ళ పేరు లేని బొమ్మని వాళ్ళు రంగం ఎక్కనివ్వరు. ఒకసారి ఎవరిదో బొమ్మ ఎవరి పేరునో ఆడి పెద్ద గొడవ అయిందట, అప్పటినుంచి అది కట్టుబాటు. తల చెక్కినవాళ్ళ సంతకం ఆ మూడో పేజీ మీద ఉండాలి. సంతకం కుదరకపోతే తనతో నోటితో చెప్పినా చాలు. ఆరింటికి జాబితా మూసేస్తారు.

గంట మోగింది. నా వెనకాల ఉన్న బొలీవియా కుర్రాడు అప్పటికే నా కుర్చీ వీపు పట్టుకున్నాడు. గోడ గడియారంలో నాలుగూ నలభై.

బయట మెట్ల మీద వీల్మర్ కాచుకుని ఉన్నాడు. పిలుపు వచ్చినట్టేనని చెప్పాను, మధ్యలో ఒక మనిషి ఉన్నారని కూడా చెప్పాను. ఎవరో చెప్పగానే వాడు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అక్కా, కావాలంటే నీ బదులు నేను వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. వాడు చేసినా చేస్తాడు. వద్దన్నాను. ఆ కాళ్ళు పట్టుకోవలసినది ఎవరో నాకు తెలుసు.

హాలు దాటడానికి నలభై అడుగులు. అందులో పది నిమిషాలు గడిపాను. దారిలో ఎవరు పలకరిస్తే వాళ్ళ దగ్గర ఆగిపోయాను, ఎన్నడూ లేనిది అందరి కార్డులూ శ్రద్ధగా చదివాను. కాఫీ బల్ల దగ్గర డాన్ ఆర్సేసియో, చిలీ నుంచి వచ్చిన సంగీతగాణ్ణీ ఎవరో నాట్యకత్తెనూ ఒకరికొకరిని పరిచయం చేస్తున్నారు. ఇద్దరి మోచేతులూ పట్టుకుని దగ్గరికి లాగి, వాళ్ళు మాటల్లో పడగానే తను మెల్లగా వెనక్కి తప్పుకున్నారు. ఆ తప్పుకోవడం నేను వందసార్లు చూశాను. చూసినప్పుడల్లా పని ఎగ్గొడుతున్నారనుకున్నాను. ఆ రోజు మొదటిసారి, ఆయన తనకోసం ఏమీ అడగకుండానే వెనక్కి వచ్చేశారన్నది కనబడింది.

నన్ను చూశారు. ఆశ్చర్యపోలేదు. ముందు సంచీ వైపు చూసి, తోమాసా ఎలా ఉందని అడిగారు. బాగానే ఉందన్నాను. నల్ల కాఫీ కూజా పక్కన పెట్టి, ఇంకో కూజాలోంచి వేడి బెల్లంనీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చారు. కాఫీ తాగితే నాకు గుండెల్లో మంట. పదకొండేళ్ళ తర్వాత ఆ సంగతి గుర్తుపెట్టుకున్న మనిషి ముందు నిలబడి ఏం మాట్లాడాలి? ఏడవకూడదని పెదవి కొరుక్కున్నాను గాని లాభం లేకపోయింది.

కిటికీ పక్కన బల్ల మీద కూర్చున్నాం. బయట వాన మొదలయింది. దాచకుండా చెప్పేశాను. మూడో పేజీలో ఏం రాశానో, మిరెయా ఎలా పట్టుకుందో, తోమాసా నా పరువెలా తీసిందో. ఆయన తోమాసా మాటల దగ్గర కడుపు పట్టుకుని నవ్వారు. తోమాసాకి ఉన్న పాటి సిగ్గు నీకు లేకపోయిందే అమ్మాయ్, అన్నారు. ఆ తిట్టులో విషం లేదు. ఉత్తరాల సంగతి అడిగితే చేత్తో ఈగని తోలినట్టు తోలేశారు.

"మీరు నాకోసం అంత రాశారు. నేను మీ గురించి ఒక్క మాట రాయలేదు మాస్టారూ."

"నువ్వు నాకు ఇచ్చుకోవాల్సిందేమీ లేదే. నేను రాసింది నీకోసం కాదు, మంచి ఆట పదిమందీ చూడాలని. కాఫీ తాగేటప్పుడు మనిషి ఏదో ఒకటి మాట్లాడాలి కదా, నేను నీ గురించి మాట్లాడాను."

అయిదూ పది అయింది. ఫైలు తీసి మూడో పేజీ ఆయన ముందు పెట్టాను. కలం మూత కూడా తీసి ఇచ్చాను. నా పేరు పక్కన, తోమాసా తల అని రాసి సంతకం పెట్టమన్నాను. ఆయన కలం తీసుకున్నారు. పేజీ చదివారు. మళ్ళీ చదివారు. కలం బల్ల మీద పెట్టేశారు.

కోపమేమోనని భయమేసింది. క్షమించమని అడగబోయాను. ఆయన వద్దన్నట్టు తలూపి, తోమాసాని ఇమ్మన్నారు. సంచీలోంచి తీసి ఇచ్చాను. గౌను పైకి మడిచి, మెడ కింది రంధ్రం నాకు కనబడేలా పట్టుకుని, తన చూపుడువేలు అందులో పెట్టారు. మొదటి కణుపు దగ్గరే ఇరుక్కుంది. గట్టిగా తోశారు. పోలేదు. ఆయన వేళ్ళు లావు, రైతుబిడ్డ వేళ్ళు. ఆయన బృందంలో ఉన్న తొమ్మిదేళ్ళూ చేతికి తొడిగే బొమ్మలన్నీ నేనే ఆడించాను. ఆయన కర్రబొమ్మలూ పెద్ద బొమ్మలూ ఆడించేవారు. ఎందుకని నేను ఒక్కరోజూ అనుకోలేదు.

"తన వేలు పట్టని గాడి ఎవడైనా తీస్తాడా తల్లీ? వేలు పెట్టి కొలుచుకుంటూ తీయాలది. దీనికి సంతకం నేను పెట్టలేను. ఇది చెక్కింది నేను కాదు."

ఎవరని అడగవలసిన పని లేకపోయింది. ఆయన భార్య దోన్యా లీగియా వేళ్ళు నావంటివే, సన్నగా ఉండేవి. ఆవిడ వంటింట్లో కిటికీ పక్కన కూర్చునేది. నేను వెళ్ళినప్పుడల్లా ఒళ్ళో చెక్కపొట్టు ఉండేది. మాస్టారి పని అయ్యాక ఊడ్చి ఎత్తింది కాబోలు అనుకునేదాన్ని. నన్ను చూసి లేచి ఒళ్ళు దులుపుకుని, పెనం మీద అరేపా, అంటే మొక్కజొన్న రొట్టె, వేసి, పైన చీజ్ పెట్టి ఇచ్చేది. తొమ్మిదేళ్ళు ఆ చేతి అరేపాలు తిన్నాను. చేతుల వైపు చూడలేదు.

ఆయన ఒక్కొక్క మాటే చెప్పారు. మొదటి తల సరదాకి చెక్కిందట. దాన్ని చూసి ఒక నిర్వాహకుడు ఆయన భుజం తట్టి, ఎంత బాగా చెక్కావు ఆర్సేసియో అన్నాడట. అప్పుడే కాదనాల్సింది. అక్కడ పదిమంది ఉన్నారు, ఆయనకి అప్పటికి పేరు లేదు, నోరు మెదపలేదు. ఆ పేరుతోనే తలుపులన్నీ తెరుచుకున్నాయి. ప్రతి ఏడూ ఈసారి చెబుతానని ఆవిడకి మాటిచ్చేవారు. ప్రతి ఏడూ ఆ మాట చెప్పవలసిన మనుషులు ఎక్కువైపోయారు. మొహమాటానికి పోయి నిజం ఒకసారి ఆపితే, తర్వాత ఎంతమందికని చెబుతూ తిరుగుతాం?

దోన్యా లీగియా సలామీనాలో చెల్లెలింటికి వెళ్ళిపోయిందని నేనూ విన్నాను. చెల్లెలికి ఒంట్లో బాగాలేదని వెళ్ళిందనే ఊరంతా చెప్పుకుంది. చెల్లెలికి ఏ జబ్బూ లేదట. నేను తోమాసా తలతో వెళ్ళిపోయిన రోజు ఆవిడ పనిబల్ల దగ్గర నిలబడి, అడక్కుండా పట్టుకుపోయిందా అని అడిగిందట. మాస్టారు నవ్వుతూ, నా తలే కదా, పోనీలే, నేనిచ్చాననుకో అన్నారట. నా తల అన్నారు. ఆ మాట తన నోట్లోంచి ఎంత అలవాటుగా వచ్చిందో ఆవిడ మొహం చూశాకే తెలిసిందన్నారు. మర్నాడు ఆవిడ ఉలులు గుడ్డలో చుట్టుకుని బస్సెక్కేసింది.

నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా, కాని కాలు ఊనడానికి చోటు దొరకలేదు. ఆయన నలభై ఏళ్ళు చేసిన పనే నేను ఒక పేజీలో చేశాను. పైగా ఎవరి పేరు దాస్తున్నానో కూడా సరిగ్గా తెలుసుకోకుండా చేశాను. ఆయన బల్ల మీద చేతులు పెట్టుకుని చిన్నపిల్లాడిలా కూర్చున్నారు. ఆ లావు వేళ్ళ మీద నా చెయ్యి వేశాను. పదకొండేళ్ళ తర్వాత తాకాను ఆయన్ని. చల్లగా ఉన్నాయి.

ఇప్పుడు ఏం చేయాలో ఇద్దరికీ తెలుసు. పేజీ మీద ఆవిడ పేరు రాస్తే, ఆ పేరు మిరెయా చూస్తుంది. మిరెయా చూస్తే ఉత్సవం పుస్తకంలో అచ్చవుతుంది. ఈ హాల్లో ఎవరింట్లో ఆర్సేసియో తల ఉందో వాళ్ళందరూ వేలు పెట్టి చూసుకుంటారు. ఆ సంగతి నేను పైకి అన్నాను. తర్వాత వద్దులెండి మాస్టారూ అని కూడా అన్నాను. నోటికి వచ్చేసింది. వీల్మర్ మొహం కళ్ళముందు ఉన్నా అనేశాను.

"వద్దనకు. ఇంకో పదకొండేళ్ళు నేనుండను" అన్నారు ఆయన.

ఫోను తీసి నా ముందు పెట్టి, లీగియా నోటితో చెప్పినా చాలు కదా అన్నారు. నంబరు ఎక్కడా రాసి లేదు. ఒక్కొక్క అంకే చెప్పారు, తడుముకోకుండా. ఈ ఖండంలో ఉత్సవం నడిపే ప్రతి మనిషికీ ఫోను చేసి యోగక్షేమాలడిగే మనిషి, ఆ నంబరుకి ఒక్కసారి కూడా చేయలేదట. నాకూ ధైర్యం లేదు, ఆయనకీ లేదు. గడియారం చూస్తే అయిదూ ముప్ఫయ్ అయిదు. నేను నొక్కాను. ఇద్దరికీ వినబడేలా పెట్టి బల్ల మధ్యలో ఉంచాను.

నాలుగుసార్లు మోగింది. అయిదోసారి ఎవరో ఎత్తారు. వెనకాల రేడియో, కోళ్ళ గోల. ఎవరు అని అడిగింది ఆవిడ. గొంతు ఏమీ మారలేదు. మాస్టారు నోరు తెరిచి మూసుకున్నారు. తోమాసా బల్ల మీద నా చేతికి అందేంత దూరంలో ఉంది. దాన్ని తొడుక్కోలేదు. నా గొంతుతోనే మాట్లాడాను.

"దోన్యా లీగియా, నేను రుబియేలానండీ. మాస్టారు కూడా నా పక్కనే ఉన్నారు."

రేడియో ఆగింది. కుర్చీ లాగిన చప్పుడయింది. ఆవిడ కూర్చుంటోందని అర్థమయింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. నేను ఫోను మీదికి వంగాను.

"అయితే తల పట్టుకుపోయినదీ, పేరు పట్టుకుపోయినవాడూ ఒక్కచోట చేరారన్నమాట," అంది దోన్యా లీగియా. "సరే, వింటున్నాను. మీ ఇద్దరిలో ముందు ఎవరు మొదలుపెడతారు?"